ముప్పై సెకన్ల బోర్డు

వనిత వేలు చురుక్కుమంది. ఆ క్షణాన ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఇక్కడ రాసేది కాదు. వేలిని నీళ్ల గ్లాసులో ముంచి, బల్ల మీద మూత తీసి పెట్టిన బోర్డు వంక కొరకొరా చూసింది. మొన్నటిదాకా బుద్ధిగా నడిచిన బోర్డు అది. దసరా వెళ్లిన మర్నాడు, సరిగ్గా అవసరం పడ్డ రోజునే, అందులోని క్లాక్ చిప్పు పొయ్యి మీది పెనంలా కాలుతోంది.

క్లాక్ చిప్పు అంటే పెద్ద వస్తువేం కాదు. చిటికెన వేలి గోరంత నల్ల ముక్క, రెండు వైపులా సన్నటి కాళ్లు. దాని పని ఒక్కటే, సెకను సెకనుకూ బోర్డుకు ఊఁ కొట్టడం. అది ఊఁ అంటేనే పైనున్న ఎర్ర అంకెలు ముప్పై, ఇరవై తొమ్మిది, ఇరవై ఎనిమిది అంటూ దిగుతాయి. సున్నాకు రాగానే హారన్ మోగుతుంది. ఇవాళ మాత్రం ఇరవై ఎనిమిది దగ్గర అలిగి కూర్చుంది. వనిత చేత్తో ఒకటి తట్టేసరికి మధ్యలో అంకెలన్నీ మింగేసి పదకొండుకు దూకింది.

ఇదంతా కబడ్డీ కోసం. కూతకు వెళ్లిన మనిషి ముప్పై సెకన్లలో తిరిగొచ్చి నడిమి గీత దాటాలి, దాటకపోతే అవుట్. ఆ ముప్పై సెకన్లను కొలిచేదెవరన్నదే అసలు పేచీ. పోయినేడు ఆడపిల్లల మ్యాచ్‌లో ఇబ్రహీంపట్నం వాళ్ల ఫోన్‌లో టైము ఇంకా ఉంది, మన్నెగూడ వాళ్ల ఫోన్‌లో అయిపోయింది. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి చూసుకుంటే పోయేదానికి పెద్దమనుషులు కుర్చీలు పైకెత్తారు. మగపిల్లల మ్యాచ్‌లోనూ కుర్చీలు లేస్తాయి, దాన్ని ఆటలో భాగమంటారు. ఆడపిల్లల మ్యాచ్‌లో లేచేసరికి, పిల్లల్ని మధ్యలోనే ఇంటికి పంపేసి ఆ ఆటే వద్దన్నారు. ఈ ఏడు ఆడపిల్లలకు మ్యాచ్ లేదని టోర్నమెంట్ కమిటీ తేల్చేసింది.

రిటైరైన పీఈటీ జాకబ్ సార్ మాత్రం పట్టు వదల్లేదు. రెండు ఊళ్ల వాళ్లకూ కనపడేంత పెద్ద గడియారం మైదానంలో నిలబెడితే గొడవకు చోటెక్కడిదని వాదించాడు. అలాంటిది ఎలాగూ తయారుకాదన్న ధీమాతో కమిటీ వాళ్లు సరేనన్నారు. ఆట మొదలయ్యే వేళకు ఆ గడియారం నడుస్తూ ఉండాలి, లేదంటే ఆడపిల్లలు ఇంటికి పోవాలి. షరతు అది. జాకబ్ సార్ కమిటీ దగ్గర్నుంచి లేచి నేరుగా వనిత ఇంటికొచ్చాడు.

వనిత శేరిగూడలో ఇంజనీరింగ్ చదివింది. ఇబ్రహీంపట్నంలోనే, ఇంటి ముందు గదిలో బల్ల వేసుకుని బోరు మోటర్ల స్టార్టర్ బోర్డులూ ఇన్వర్టర్లూ బాగుచేస్తుంది. కాలేజీ రోజుల్లో తనూ కబడ్డీ ఆడింది. మోకాలు దెబ్బతిని మానేసింది గానీ, ఎక్కడ కూత వినబడ్డా ఇప్పటికీ ఆమె కాళ్లు ఊరుకోవు. సార్ అడగ్గానే ఒప్పుకుని ఈ బోర్డు మొదలుపెట్టింది. ఊళ్లోని టీమ్ కెప్టెన్ శివాని ఆ మాట విని పరుగున వచ్చి వనితను వాటేసుకుంది. అప్పట్నుంచి ఆ పిల్లలు పొద్దుగాల లేచి మట్టిలో దొర్లుతూనే ఉన్నారు. ఇప్పుడు ఈ గోరంత చిప్పు మొండికేస్తే వాళ్ల మొహాలు ఎలా చూడాలో వనితకు తెలియలేదు.

ఒక్కొక్కటే చూసుకుంటూ వచ్చింది. కరెంటు ఎక్కువొస్తోందేమోనని మీటరు పెట్టింది. ఐదు వోల్టులు, ఎక్కువా లేదు తక్కువా లేదు. చిన్న బ్యాటరీ తీసి కొత్తది వేసింది. ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించింది. ఎక్కడైనా రెండు తీగలు ముట్టుకుంటున్నాయేమోనని భూతద్దం పెట్టి వెతికింది. అన్నీ సరిగ్గానే ఉన్నాయి, బోర్డు మాత్రం సరిగ్గా లేదు. స్విచ్చి వేసిన కాసేపటికే చిప్పు మళ్లీ కాలడం మొదలుపెడుతోంది.

తల్లి మారెమ్మ టీ తెచ్చి బల్ల చివర పెట్టింది. మామూలుగా అయితే ఆ గదిలోకి వస్తే తీగలు అడ్డమనో దుమ్ము దులపలేదనో ఏదో ఒకటి అనకుండా పోయే మనిషి కాదు. ఇవాళ బోర్డు వైపు ఓరగా చూసి, మస్తు కాలుతుందా అని మెల్లగా అడిగి, జవాబు వినకుండానే వెళ్లిపోయింది. గడప మీద కూర్చున్న నాన్న తల్లి, బాపమ్మ సుక్కమ్మ అయితే ఎవరో పాడుకండ్లోళ్లు చూసి ఉంటారని తీర్మానించి, ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది. ఇల్లంతా దగ్గు పట్టుకుంది. వనిత కండ్లు తుడుచుకుంటూ బోర్డును పాత తువ్వాలలో చుట్టింది. ఇక చిప్పు మార్చడమొక్కటే మిగిలింది. ఇంకో చిప్పు ఉంది, కానీ పాతదాన్ని ఊడదీయడమే కష్టం. దానికి సాకెట్ పెట్టకుండా తొందరలో నేరుగా బోర్డుకే అతికించిన తన తెలివికి తనే మొట్టికాయ వేసుకుంది. మామూలు సోల్డరింగ్ కడ్డీతో లాగితే కింది రాగి గీతలు కూడా లేచొస్తాయి. వేడిగాలి గన్ను కావాలి. ఆ గన్ను అసద్ దగ్గర ఉంది.

అసద్ ఆమెతో పాటు చదివినవాడే. బస్టాండు దగ్గర మొబైల్ రిపేరు షాపు పెట్టుకున్నాడు. ఉండేది మన్నెగూడలో. అతని చెల్లెలు షహీన్ మన్నెగూడ టీమ్‌కు కెప్టెన్. అంటే ఇవాళ సాయంత్రం వనిత వాళ్ల పిల్లల్ని మట్టికరిపించాలని కంకణం కట్టుకున్న పిల్ల సొంత అన్న దగ్గరికే వనిత తన బోర్డు మోసుకొచ్చింది. అసద్‌కు ఇది భలే సరదాగా అనిపించింది. ఎదురుగా ఎవరిదో పగిలిన ఫోను పక్కకు నెట్టి, బల్ల శుభ్రం చేసి, బోర్డును మర్యాదగా కూర్చోబెట్టాడు.

"గిది బాగైతె మా షహీన్ గెలుస్తది మరి. తర్వాత నన్ను అనొద్దు," అన్నాడు.

"గెలువనీ. ముందుగాల ఆడనీ," అంది వనిత.

అతను బోర్డుకు కరెంటు ఇచ్చాడు. తనూ మీటరు పెట్టి చూశాడు, తనకూ ఐదు వోల్టులే వచ్చాయి. తన మీటరు మీద నమ్మకం లేదా అని వనిత దెప్పింది, నా మీటరు మీద నాకే నమ్మకం లేదు అని అతను నవ్వాడు. వేడి చిప్పు దగ్గరే పుడుతోందా, పక్కనుంచి దానికి వస్తోందా అన్నది తేల్చుకోవాలనుకున్నారు. దానికి రిపేరు వాళ్లకు ఒక చిట్కా ఉంది. బోర్డు మీద పలచగా స్పిరిట్ పోసి స్విచ్చి వేయడమే. ఎక్కడ ముందు ఆరిపోతే వేడి అక్కడున్నట్టు. అసద్ సీసా వంచాడు, వనిత స్విచ్చి వేసింది. ఇద్దరూ తలకాయలు దగ్గర పెట్టి చూశారు.

స్పిరిట్ క్లాక్ చిప్పు వీపు మీదే ముందు ఆరింది. అంతవరకూ అనుకున్నదే. కానీ చిప్పు కాళ్ల సందుల్లోంచి, కింది నుంచి, ఏదో రంగు మెల్లగా పాకుతూ బయటికొచ్చింది. పచ్చటి రంగు. బోర్డు మీది స్పిరిట్ అంతా చూస్తుండగానే పసుపుపచ్చగా తిరిగింది. వనిత గబుక్కున స్విచ్చి ఆపింది.

అతికించేటప్పుడు వాడిన జిగురు కరిగి ఉంటుందన్నాడు అసద్. ఈ రంగు జిగురు తను పుట్టి బుద్ధెరిగాక చూడలేదంది వనిత. గన్ను పెట్టి కాళ్లన్నీ వేడి చేసి, చిమటాతో పట్టుకుని చిప్పును మెల్లగా పైకి లేపాడు. దాని కింద, ఎవరికీ కనపడని చోట, ఎర్రగా పచ్చగా ముద్ద ఒకటి పేరుకుని ఉంది. ఒక కాలి నుంచి ఇంకో కాలికి వెళ్లకూడని కరెంటు ఆ తడి ముద్ద మీదుగా తీరిగ్గా రాకపోకలు చేస్తోంది. చిప్పు కాలక ఏం చేస్తుంది.

వనిత వంగి వాసన చూసింది. ఒక్క క్షణం నమ్మలేదు. మళ్లీ చూసింది. ఇంట్లో ప్రతి పండక్కీ గడపల దగ్గర వచ్చే వాసనే.

"పసుపు," అంది. "పసుపు కుంకుమ."

అసద్ ఆమె మొహం చూశాడు, ముద్దను చూశాడు, మళ్లీ ఆమె మొహం చూశాడు. కుర్చీ వెనక్కి వాలి పడిపోయేంత నవ్వాడు. వనితకు మాత్రం నిన్నటి పొద్దున కళ్లముందు తిరిగింది. దసరా పండగ. పనిముట్లకు పూజ. నాన్న నారయ్య ట్రాక్టరు కడిగి దండ వేశాడు. కొడవళ్లకు, పారలకు, అమ్మ కుట్టుమిషనుకు బాపమ్మ బొట్లు పెట్టుకుంటూ వచ్చింది. ముందు గదిలోకి వచ్చి, బోర్డు దగ్గర నిలబడి, ఇందులో ముఖ్యమైంది ఏదే బిడ్డా అని అడిగింది. ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడుతున్న వనిత వెనక్కి తిరక్కుండానే వేలితో చూపించింది, నల్లగున్నది, అదే దాని గుండె అని. ఎంత చక్కగా చూపించిందో ఇప్పుడు తెలుస్తోంది.

కానీ ఒకటి అంతుపట్టలేదు. బొట్టు పెడితే పైన పెట్టాలి, పైన చిప్పు అద్దంలా ఉంది. ఇంటికి ఫోన్ చేసింది. మారెమ్మ ఎత్తింది. బోర్డుకు బాపమ్మ బొట్టు పెట్టిందా అని వనిత అడిగింది. మారెమ్మ గొంతు ఎప్పుడూ లేనంత మెత్తగా వచ్చింది. పెట్టింది నిజమేనట. పసుపు తడిపి మందంగా రాసి, దాని మీద కుంకుమ పెట్టిందట. చూస్తే వనిత ఒర్రుతుందని, తను వెంటనే తుడిచేసిందట.

"దేనితోని తుడిచినవమ్మా?" అని అడిగింది వనిత.

"తడిగుడ్డతోని. మంచిగ ఒత్తి ఒత్తి తుడిచిన, ఒక్క మరక లేదు చూడు," అంది మారెమ్మ. ఆ గొంతులో భయం ఎంతుందో గర్వమూ అంతే ఉంది.

వనిత తల పట్టుకుంది. పైన ఉన్న బొట్టు పైనే ఎండిపోతే ఏ గొడవా ఉండేది కాదు. ఒత్తి ఒత్తి తుడిచిన తడిగుడ్డ దాన్ని కాళ్ల కిందికి దోపింది. ఒకరు ప్రేమతో పెట్టారు, ఒకరు భయంతో తుడిచారు, ఇద్దరూ కలిసి పొద్దుటి నుంచి తోడుదొంగల్లా ఇంట్లో తిరుగుతున్నారు. పైగా దిష్టి తీసి తనకు దగ్గు తెప్పించారు. కోపం ముక్కు మీదికొచ్చింది. ఏదో అనబోయింది. ఈలోగా ఫోన్ చేతులు మారి సుక్కమ్మ గొంతు వినబడింది. ఆమెకు ఫోన్‌లో మాట్లాడటమంటే పక్క ఊరికి వినపడేలా మాట్లాడటమే.

"నేనే పెట్టిన బిడ్డా, మీ అమ్మను ఏమనకు," అంది సుక్కమ్మ. "మీ నాయిన బండికి పెట్టిన, మీ అమ్మ మిషనుకు పెట్టిన. నువ్వు గిన్ని దినాలు కండ్లు మండంగ చేసినవు. నీ పనిముట్టుకు పెట్టకపోతె, నీది పని కాదన్నట్టే గద?"

ముందు గదిలో వనిత బల్ల వేసిన దగ్గర్నుంచీ చుట్టాలు వచ్చి, పిల్ల ఏదో కాలక్షేపానికి తీగలు అతికిస్తోందనే అనుకుని వెళ్లేవారు. నాన్న కూడా ఆమె పని గురించి ఎవరైనా అడిగితే నవ్వి ఊరుకునేవాడు. అక్షరం ముక్క రాని బాపమ్మ ఒక్కతే ఆ గదిలోకి పసుపు గిన్నె పట్టుకుని వచ్చింది, ముఖ్యమైంది ఏదో అడిగి మరీ పెట్టింది. వచ్చిన కోపం ఎటు పోయిందో తెలియలేదు. కళ్లు చెమర్చాయి, దాంతోపాటే నవ్వూ తన్నుకొచ్చింది. ఏడుస్తుందా నవ్వుతుందా అని అసద్ అయోమయంగా చూస్తూ నీళ్ల సీసా అందించాడు.

"బాపమ్మా, మస్తు మంచి పని చేసినవ్," అంది చివరికి. "ఇగ మీదట డబ్బ మీద పెట్టు. లోపట వద్దు. ఫికర్ చెయ్యకు, బాగయితది. అమ్మను తీస్కొని గ్రౌండుకు రా."

ఆ తర్వాత పని చకచకా సాగింది. పాత బ్రష్షుతో, స్పిరిట్‌తో ఆ చోటంతా కడిగారు. దూది పసుపుపచ్చగా వస్తున్నంతసేపూ తుడుస్తూనే ఉన్నారు. తెల్లగా వచ్చాక వేడిగాలితో ఆరబెట్టారు. ఉడికిపోయిన చిప్పును అసద్ చిన్న డబ్బాలో వేసి, ఇంత పుణ్యం చేసుకున్న చిప్పు తన సర్వీసులో చూడలేదన్నాడు. కొత్తదానికి ఈసారి సాకెట్ పెట్టి, అందులో కూర్చోబెట్టారు. వనిత స్విచ్చి వేసింది. ముప్పై. ఇరవై తొమ్మిది. ఇరవై ఎనిమిది. పొద్దున అలిగింది ఇక్కడే. ఇరవై ఏడు. అంకెలు బుద్ధిగా మెట్టు మెట్టే దిగుతూ సున్నాకు వచ్చాయి. హారన్ మోతకు బయట సైకిల్ మీద పోతున్న మనిషి ఉలిక్కిపడి షాపు వైపు చూసి తిట్టాడు. వనిత కాలిన వేలినే మళ్లీ చిప్పు మీద పెట్టింది. చల్లగా ఉంది. చల్లగా ఉన్న వస్తువును ముట్టుకుంటే ఇంత సంతోషం కలుగుతుందని ఆమెకు ఇంతకుముందు తెలియదు.

మైదానం చేరేసరికి కమిటీ వాళ్లు గడియారం ఏదని జాకబ్ సార్‌ను అప్పటికే సతాయిస్తున్నారు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. అసద్ బండి మీద వెనక బోర్డు పట్టుకుని వనిత కనపడగానే ఆయన విజిల్ నోట్లో పెట్టుకుని ఒక్క ఊదు ఊదాడు. కట్టెకు బిగించి, తీగలు కలిపి, ఎర్ర అంకెలు వెలిగించేసరికి జనం అంతా అటు తిరిగారు. శివాని దూరం నుంచే రెండు చేతులూ ఊపింది. సుక్కమ్మ, మారెమ్మ ముందు వరసలో చోటు సంపాదించి కూర్చున్నారు.

జాకబ్ సారే అంపైరుగా మ్యాచ్ మొదలైంది. మొదట్లో అందరూ ఆటను చూశారు, కాసేపటికి బోర్డును చూడటం మొదలుపెట్టారు, ఆ తర్వాత బోర్డుతో కలిసి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. కూతకు ఎవరు వెళ్లినా చివరి పది అంకెలూ రెండు ఊళ్ల వాళ్లూ ఒకే గొంతుతో అరిచారు. షహీన్ పాదం మెరుపులా ఆడింది. శివాని మడమ పట్టు పడితే ఎవరూ విడిపించుకోలేకపోయారు. పాయింట్లు ఒకరివి ఎక్కితే వెంటనే ఇంకొకరివి ఎక్కాయి. చివరి కూత మిగిలేసరికి రెండు జట్లూ సమానంగా నిలిచాయి.

శివాని వెళ్లింది. మూల దగ్గరి పిల్లను తాకింది, వెనక్కి తిరిగింది. షహీన్ ఆమె నడుము పట్టుకుంది. ఇంకో ఇద్దరు మీద పడ్డారు. శివాని అందరినీ ఈడ్చుకుంటూ గీత వైపు పాకింది. అయిదు, నాలుగు, మూడు అని మైదానం అరుస్తోంది. చెయ్యి చాచింది. హారన్ మోగింది. ఆ వెంటనే ఆమె వేళ్లు గీత దాటాయి.

జాకబ్ సార్ మన్నెగూడ వైపు చెయ్యెత్తాడు.

ఇబ్రహీంపట్నం వైపు ఇద్దరు ముగ్గురు పెద్దమనుషులు అలవాటు కొద్దీ లేచి నిలబడ్డారు. నిలబడ్డాక ఎవర్ని అనాలో వాళ్లకు తోచలేదు. గడియారం మన్నెగూడ వాళ్లది కాదు, సొంత ఊరి పిల్ల చేసింది. అది అందరి కళ్ల ముందే, అందరితో కలిసే లెక్కపెట్టింది. కాసేపు అలాగే నిలబడి, పంచెలు సర్దుకున్నట్టు నటించి కూర్చున్నారు. సుక్కమ్మ మాత్రం కోడలి వైపు తిరిగి, మన బోర్డు మనల్నే ఓడగొట్టిందా అని గట్టిగానే అడిగింది. చుట్టుపక్కల వాళ్లు గొల్లుమన్నారు.

వనితకు నవ్వు రాలేదు. మట్టిలోంచి లేస్తున్న శివానినే చూస్తోంది. వెంట్రుక వాసిలో పోయింది. ఫోన్ లెక్కలే అయితే ఈ పిల్ల గెలిచినట్టే అయ్యేదేమో, కనీసం ఓడినట్టు అయ్యేది కాదు. ఆ పిల్ల తన దగ్గరికే నడిచి వస్తోంది. మోచేయి గీసుకుపోయింది, మొహమంతా మట్టి. ఏమనాలో వనిత వెతుక్కుంటుండగానే శివాని వచ్చి బోర్డు పక్కన నిలబడి, సున్నా మీద ఆగిన అంకెలను ఒకసారి తలెత్తి చూసింది.

"అక్కా, హారన్ అయినంకనే నా చెయ్యి పోయింది. నాకెర్కే," అంది. "ఓడిపోయి ఇంటికి పోవుడు ఎట్లుంటదో ఇప్పుడు చూసిన. పోయినేడు ఓడిపోలే, ఉత్తగనే పంపిచ్చిండ్రు."

ఆ మాట అంటూ నవ్వింది. వనిత ఆ మట్టి మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. కళ్లలోంచి నీళ్లు జారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. అంత సంతోషంగా ఉంది.

అంతలో షహీన్ వచ్చింది. వెనకాల రెండు టీముల పిల్లలూ ఉన్నారు. కప్పు ఎటూ తమకే వచ్చింది కాబట్టి ఇప్పుడు కప్పు లేకుండా ఇంకో ఆట ఆడదామని ఆ పిల్ల అడిగింది. జాకబ్ సార్ కమిటీ వాళ్ల వైపు చూశాడు. కమిటీ పెద్దాయన ఒకరు అప్పుడే టీ తెప్పించుకున్నాడు. గ్లాసు చేతిలో పట్టుకుని, ఇంకా వెలుతురుంది కదా, ఆడమను అన్నట్టు తల ఊపాడు.

"వనితక్కా, మళ్ల ముప్పై పెట్టు," అంది శివాని, గీత వైపు పరుగెత్తుతూ.

వనిత బటన్ నొక్కింది. అంకె ఇంకా దిగకముందే మైదానం లెక్కపెట్టడం మొదలుపెట్టింది.